బైనాక్యులర్‌తో ఆండ్రోమెడాను చూడటం ఎలా? (మిరాక్ అనే చుక్క దగ్గర తప్పిపోకుండా)

ఏటా డిసెంబరులో నాకు ఒకటే రకం ఫోన్లు. “అన్నా, మెడలు పట్టుకుపోయేదాకా చూశాం, ఏమీ కనపడట్లా.” ఎక్కడి నుంచి చూశారయ్యా అంటే విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర మేడ మీది నుంచి. దేంతో అంటే పిల్లాడి పుట్టినరోజుకి కొన్న బొమ్మ టెలిస్కోపుతో. ఎటు చూశారంటే ఫోను ఎటు చూపిస్తే అటు. మూడింటికి మూడూ తప్పే.

నిజానికి ఆండ్రోమెడా గెలాక్సీకి (మన పాలపుంతలాంటిదే ఇంకో నక్షత్రాల గుంపు) గొప్ప సామాను ఏమీ అక్కర్లేదు. పర్షియా ఖగోళవేత్త అల్ సూఫీ 964లోనే ఉత్త కళ్ళతో చూసి, చిన్న మబ్బుతునక అని రాసిపెట్టుకున్నాడు. టెలిస్కోపు పుట్టింది ఆ తర్వాత ఆరు వందల ఏళ్ళకు పైనే గడిచాక. మనవాళ్ళు ఈ గెలాక్సీ కనపడే నక్షత్రమండలానికి దేవయాని అని పేరు పెట్టారు. పక్కనున్న కాసియోపియా మండలానికి శర్మిష్ఠ. బావిలో తోసుకునేదాకా పోయిన ఇద్దరినీ ఆకాశంలో కూడా పక్కపక్కనే కూర్చోబెట్టి, చాలదన్నట్టు యయాతిని కూడా ఆ దగ్గర్లోనే పెట్టారు.

రోజు, చోటు

రోజు చూసుకోవడానికి గోడ మీద క్యాలెండరు చాలు. కార్తీక బహుళం, మార్గశిర బహుళం, ఈ రెండు పక్షాలే నాకు లెక్క. బహుళ షష్ఠి దాటితే చంద్రుడు రాత్రి పది దాకా రాడు. అక్కడి నుంచి అమావాస్య దాటి శుద్ధ తదియ వరకు సాయంత్రాలన్నీ మనవే. రాత్రి 7:30 నుంచి 9 లోపు పని ముగించండి. డిసెంబరు మొదట్లో అయితే సరిగ్గా ఆ వేళకే గెలాక్సీ బాగా పైకెక్కి ఉంటుంది. తెల్లవారుజామున చూద్దామనుకుంటే మంచు తప్ప ఇంకేమీ కనపడదు.

చోటు సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే అందరూ సూర్యలంక పరిగెడతారు. సముద్రం ఉంది కాబట్టి చీకటి ఉంటుందని లెక్క. అక్కడ చీకటి ఉన్నది దక్షిణాన, సముద్రం మీద. అగస్త్య నక్షత్రం చూడాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. మన గెలాక్సీ మాత్రం ఉత్తరాన ఉంటుంది. విజయవాడ ఉన్నది 16.5 డిగ్రీల అక్షాంశం మీద, గెలాక్సీ 41 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి నేరుగా పైన నడుస్తుంది. అంటే ఎంత పైకెక్కినా మన నడినెత్తికి ఉత్తరంగా, 65 డిగ్రీల ఎత్తులో దాటిపోతుంది. సూర్యలంకలో నిలబడి ఉత్తరానికి తిరిగితే బాపట్ల దీపాలు ఎదురొస్తాయి.

కాబట్టి నా సూత్రం ఒక్కటే: ఊరి వెలుతురు వీపు వెనక ఉండాలి. విజయవాడ వాళ్ళు ఇబ్రహీంపట్నం, కొండపల్లి దాటి, థర్మల్ కేంద్రం వెలుతురు కూడా వెనక్కి పోయాక, మైలవరం దాకా వెళ్ళండి. గుంటూరు వాళ్ళు అమరావతిలో కృష్ణ ఒడ్డుకు చేరి నది మీదుగా ఉత్తరానికి చూడండి. విజయవాడ వెలుతురు తూర్పున కుడిచేతి పక్కకు పోతుంది.

పొలం గట్ల మీద మాత్రం పడుకోవద్దు. కోతల రోజుల్లో రక్తపింజరలు అక్కడే ఉంటాయి. ఏ రైతునైనా అడిగి కళ్లంలో చోటు సంపాదించండి. నేను అడిగిన వాళ్ళెవరూ కాదనలేదు, కాకపోతే బైనాక్యులర్ ముందు వాళ్ళ చేతికి ఇవ్వాలి.

సామాను

10×50 బైనాక్యులర్ (పది రెట్లు పెద్దగా చూపించేది, ముందు లెన్సు 50 మిల్లీమీటర్ల వెడల్పు). 7×50 అయినా ఫర్వాలేదు. 30×, 50× జూమ్ అంటూ అమ్మేవాటి జోలికి పోకండి, చేతిలో పట్టుకుంటే చుక్కలన్నీ దోమల్లా ఎగురుతాయి. ఓ మడతమంచం, లేకపోతే నేల మీద పరుచుకోవడానికి పట్టా. టార్చికి గాలిపటాల ఎర్ర కాగితం రెండు మడతలు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. దోమల క్రీము ముందే పూసుకుని చేతులు తుడుచుకోండి, ఆ వేళ్ళతో లెన్సు ముట్టుకున్నారా, ఇక ఆ రాత్రి అంతే.

ట్రైపాడ్ వద్దు. స్టాండు ఉంటే చిత్రం కదలదని వాదించేవాళ్ళు ఉన్నారు. నడినెత్తిన ఉన్నదాన్ని స్టాండు మీద పెట్టి చూడటానికి మోకాళ్ళ మీద కూర్చుని, మెడ వెనక్కి విరిచి, పది నిమిషాల్లో “ఇక చాల్లే” అనేది కూడా వాళ్ళే. పడుకుని, మోచేతులు పక్కటెముకలకు ఆనించి పట్టుకుంటే బైనాక్యులర్ చక్కగా నిలుస్తుంది.

పడుకోండి, సరిచేసుకోండి

తల దక్షిణానికి, కాళ్ళు ఉత్తరానికి. పెద్దవాళ్ళు చెప్పే పద్ధతి కూడా ఇదే కాబట్టి ఇంట్లో గొడవ ఉండదు. ఇలా పడుకుంటే కుడిచెయ్యి తూర్పు, ఎడమచెయ్యి పడమర. కింద నేను రాసిన కుడి ఎడమలన్నీ ఈ లెక్క ప్రకారమే. ఉత్తరం ఎటో వెలుతురుండగానే తేల్చుకోండి.

ఫోకస్ చాలామందికి తెలియదు. కుడి లెన్సును అరచేత్తో మూసి, మధ్య చక్రం తిప్పుతూ ఎడమ కంటికి ఒక చుక్క సూదిమొనలా కనపడేలా చేయండి. తర్వాత ఎడమ లెన్సు మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరి రింగు తిప్పి సరిచేయండి. అంతే.

ఇక ఫోన్లు జేబుల్లోకి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. పక్కవాడు “ఒక్క నిమిషం” అని స్క్రీను వెలిగించాడంటే ఆ అరగంట మళ్ళీ మొదటి నుంచి. అందుకే నేను యాప్‌లు ఒప్పుకోను. ఇనప మంచం పక్కనో కారు పక్కనో పెడితే ఫోన్లోని దిక్సూచి కూడా అబద్ధం చెబుతుంది.

చతురస్రం

నడినెత్తిన, కాస్త ఎడమగా, నాలుగు చుక్కల పెద్ద చతురస్రం ఉంటుంది. మీకు తెలియనిదేమీ కాదు. ఎడమ పక్క రెండు చుక్కలు పూర్వాభాద్ర, కుడి పక్క రెండు ఉత్తరాభాద్ర. ఇంట్లో ఎవరిదో ఒకరి జన్మనక్షత్రం అయ్యే ఉంటుంది. లోపల చెప్పుకోదగ్గ చుక్క ఉండదు, అదే దీని గుర్తు. గ్రహాలు కూడా ఈ చతురస్రంలోకి రావు. ధగధగలాడే చుక్క ఏదైనా లోపల కనపడితే మీరు పట్టుకున్నది వేరే చతురస్రం. చెయ్యి చాచి పిడికిలి బిగించి పట్టుకుంటే ఒక్కో భుజం పిడికిలిన్నర ఉంటుంది. చాలామంది చిన్నదాని కోసం వెతుకుతారు.

మిరాక్ దగ్గర మలుపు

ఇప్పటిదాకా చెప్పింది ఎవరైనా చేస్తారు. చెడగొట్టేది ఇక్కడే, నూటికి తొంభైమంది ఇక్కడే చెడగొడతారు. మెల్లిగా చదవండి.

చతురస్రంలో కుడి పక్కన, మీ కాళ్ళ వైపున్న మూల చుక్కను తీసుకోండి. ఉత్తరాభాద్రలోని రెండింటిలో ఉత్తరపుది, పేరు ఆల్ఫెరాట్జ్. బైనాక్యులర్ ఇంకా గుండెల మీదే ఉండాలి, ఇది ఉత్త కళ్ళతో చేసే పని. అక్కడి నుంచి కుడికీ కాళ్ళకీ మధ్యగా, ఏటవాలుగా జరగండి. దారిలో కాస్త మసక చుక్క ఒకటి తగులుతుంది, దాని దగ్గర ఆగకండి. ఇంచుమించు చతురస్రం భుజమంత దూరం పోయాక ఆల్ఫెరాట్జ్‌తో సమానంగా వెలిగే చుక్క వస్తుంది. అదే మిరాక్. సరైనదో కాదో అని అనుమానమొస్తే రంగు చూడండి: ఆల్ఫెరాట్జ్ తెల్లగా ఉంటుంది, మిరాక్‌ది నారింజ ఛాయ. మసక చుక్కనే మిరాక్ అనుకుని అక్కడే మలుపు తిరిగినవాళ్ళని లెక్కలేనంతమందిని చూశాను. ఇంకా దూరం పోయి ఆ తర్వాతి చుక్క దగ్గర తిరిగినవాళ్ళూ ఉన్నారు. రంగు చూడకుండా ముందుకు కదలొద్దు.

ఇప్పుడు బైనాక్యులర్. చూపు మిరాక్ మీద నుంచి తీయకండి. తల కదపకండి, రెప్ప వాలినా ఫర్వాలేదు, చూపు మాత్రం కదలకూడదు. బైనాక్యులర్‌ను కళ్ళకీ చుక్కకీ మధ్యలోకి తెచ్చి ఆనించండి. అందరూ తిరగేసి చేస్తారు: ముందు కళ్ళకు పెట్టుకుని తర్వాత ఆకాశమంతా గాలిస్తారు. ఆరున్నర డిగ్రీల కిటికీలోంచి మొత్తం ఆకాశాన్ని వెతకడం, గడ్డివాములో సూదికి పోవడమే. మా మేనల్లుడు రెండు చలికాలాలు అలాగే వెతికాడు. చెబితే వినలేదు. “నాకు తెలుసు మావయ్యా” అన్నాడు. ఏం తెలుసో ఇప్పటికీ నాకు తెలియదు.

మిరాక్ కిటికీలోకి వచ్చిందా? నారింజ చుక్క మధ్యలో నిలబడిందా? ఇప్పుడు మలుపు. ఇంతవరకు కుడికి వచ్చాం కదా, ఇక కాళ్ళ వైపుకి, కాస్త ఎడమకి వాల్చి జరగాలి. కుడికి కాదు, తల వైపుకీ కాదు. నాలుగు డిగ్రీలు జరిగితే ఒక మోస్తరు చుక్క వస్తుంది, పేరు మ్యూ. 10×50లో మిరాక్, మ్యూ రెండూ ఒకే కిటికీలో పడతాయి, కాబట్టి దారి తప్పే అవకాశం లేదు. రెండూ ఒకేసారి కనపడ్డాకే ముందుకు కదలండి. మ్యూ నుంచి అదే వాలులో ఇంకో మూడు డిగ్రీలు పోతే న్యూ అనే ఇంకా చిన్న చుక్క. మూడు మెట్లు: నారింజ చుక్క, మోస్తరు చుక్క, చిన్న చుక్క. వరసగా వెలుగు తగ్గుతూ పోవాలి. తగ్గకుండా పెరిగిందంటే మీరు తప్పు దారిలో ఉన్నట్టే, ఆల్ఫెరాట్జ్ దాకా వెనక్కి రండి. మధ్యలో సర్దుకుందామని చూడకండి, ఎప్పుడూ కుదరదు.

న్యూ దగ్గర ఆగండి. దాని ఎడమ పక్కనే, డిగ్రీ కన్నా కాస్త ఎక్కువ దూరంలో, ఒక మసక ఉంటుంది. అదే.

కనపడలేదా? సూటిగా చూస్తున్నారు కాబట్టి కనపడలేదు. కంటి గుడ్డులో నడిమధ్య భాగానికి రంగులు తెలుస్తాయి కానీ మసక వెలుగు అందదు. దాన్ని పట్టే కణాలు ఆ నడిబొడ్డుకి చుట్టూ ఉంటాయి. అందుకని న్యూ చుక్కకు కుడిగా ఖాళీ ఆకాశం మీద చూపు పెట్టి, మనసు మాత్రం ఎడమ పక్కకు పెట్టండి. పెళ్ళిలో పక్క వరసలో కూర్చున్నవాళ్ళను చూడనట్టు చూస్తాం, అలాగన్నమాట. మసక మెల్లిగా ఉబుకుతుంది. ఆత్రపడి దాని వైపు చూపు తిప్పితే మళ్ళీ మాయం.

ఇంకో హెచ్చరిక, ఇది నా సిగ్గుపోయిన కథ. ఒకసారి పదిహేనుమందికి గెలాక్సీ చూపించి, దూరం ఎంతో చెప్పి, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. తీరా చూస్తే కుడి లెన్సు మీద మంచు పట్టి ప్రతి చుక్కా మసకగానే ఉంది. అప్పటి నుంచి కనపడిన ప్రతిసారీ న్యూని చూసి నిర్ధారించుకుంటాను: చుక్క సూదిమొనలా ఉండి, పక్కది మసకగా ఉంటేనే గెలాక్సీ. రెండూ మసకైతే తువ్వాలు తీసి బైనాక్యులర్‌ను దుప్పట్లో పెట్టుకోవాలి.

శర్మిష్ఠ నుంచి రావచ్చు కదా?

పుస్తకాల్లో ఎక్కువగా ఆ దారే చెబుతారు: కాసియోపియాలో కోసుగా ఉన్న మొన ఎటు చూపిస్తే అటు పొమ్మని. ఐరోపాలో అది నడినెత్తిన ఉంటుంది కాబట్టి వాళ్ళకు సుఖం. మనకు అది నలభై అయిదు, యాభై డిగ్రీలు దాటి ఎక్కదు. పొగ, ధూళి ఉన్న రోజు సగం చుక్కలు రాలిపోయి, ఏ మొన కోసుదో ఏది బోసుదో తేలదు. నేను దాన్ని సరిచూసుకోవడానికి మాత్రమే వాడతాను. డిసెంబరు సాయంత్రం అది ఇంగ్లీషు ‘ఎం’ అక్షరంలా కనపడుతుంది. ఎడమ పక్క మొన పైకి, మీరు పట్టుకున్న మసక వైపుకే చూపిస్తుంటే దారి సరైనదే.

ఇదేనా?

అందరూ అడుగుతారు. మా అత్తయ్య బైనాక్యులర్ దించి “అద్దం మీద వేలు పెట్టినట్టుందే” అంది. సరిగ్గా చెప్పింది: మధ్యలో కాస్త చిక్కగా, అంచులు ఎక్కడ అయిపోయాయో తెలియని కోలమరక. ఫోటోల్లోని ఊదా, గులాబీ రంగులు కంటికి అందవు. మన బైనాక్యులర్‌కి దొరికేది నడిబొడ్డు మాత్రమే. నిజానికి అది ఆకాశంలో మూడు డిగ్రీలు, అంటే ఆరు పున్నమి చంద్రుళ్ళను పక్కపక్కన పేర్చినంత పొడవు ఉంటుంది. మబ్బులా ఉందని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఎడ్విన్ హబుల్ 1923లో మౌంట్ విల్సన్ మీది 100 అంగుళాల టెలిస్కోపుతో తీసిన ఫోటోలో వెలుగు పెరిగి తగ్గే చుక్క ఒకదాన్ని పట్టుకునేదాకా, అది మన పాలపుంతలోని మబ్బా, బయటి గెలాక్సీయా అని పండితులే కొట్టుకున్నారు. దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలు. మా అత్తయ్యకు ఆ అంకె చెబితే ఏమీ అనకుండా బైనాక్యులర్ మళ్ళీ అడిగి తీసుకుంది.

దొరికాక బైనాక్యులర్ దించి ఉత్త కళ్ళతో అదే చోట చూపు పక్కకు పెట్టి చూడండి. మైలవరం వైపు మంచి రాత్రిళ్ళు దొరుకుతుంది. బెంజి సర్కిల్లో జన్మలో దొరకదు.

ఇంటికొచ్చాక బైనాక్యులర్‌ను వెంటనే సంచిలో పెట్టి బీరువాలో తోయకండి. మూతలు తీసి ఫ్యాను కింద రాత్రంతా ఆరనివ్వండి, తర్వాత సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టండి. మన కృష్ణ ఒడ్డు తేమకి లెన్సు లోపల బూజు సాలెగూడులా పాకుతుంది. నాదొకటి అలాగే పోయింది.