గర్భిణి చేతిలో ఉండవలసిన వారాల లెక్క

గర్భం నిలిచిందని తెలియగానే చేయవలసిన మొదటి పని, చివరి నెలసరి మొదలైన తేదీని రాసిపెట్టుకోవడం. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఏఎన్ఎం (ఊళ్లకు వచ్చే ఆరోగ్య కార్యకర్త) అడిగితే చాలామంది తేదీ చెప్పరు, "మిరుగం (మృగశిర కార్తె) పడ్డ రెండు దినాలకు" అంటారు. ఆమె క్యాలెండర్ తిప్పి జూన్ 10 అని కార్డులో వేస్తుంది. ఆ లెక్కన అక్టోబర్ 28కి 20 వారాలు, నవంబర్ 25కి 24 వారాలు నిండుతాయి. గర్భస్రావ చట్టం ఈ వారాల మీదే నడుస్తుంది గనుక, లెక్కలో నెల తేడా పడితే అందవలసిన వైద్యం చేజారవచ్చు.

1971 నాటి ఈ చట్టాన్ని 2021లో సవరించారు. తగిన కారణం ఉంటే గర్భస్రావానికి 20 వారాల వరకు అర్హత గల ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు అంగీకరించాలి. అత్యాచారానికి గురైనవారు, మైనర్లు, కడుపుతో ఉండగా భర్తను కోల్పోయినవారు, విడాకులు పొందినవారు వంటి వారికే ఈ వీలుంది, పెళ్లికానివారికీ ఇది వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 24 వారాలు దాటాక శిశువులో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది. తల్లి ప్రాణం కాపాడడానికి వెంటనే చేయవలసి వస్తే వారాల పరిమితి లేదు.

అందుకే శిశువు అవయవాలను పరిశీలించే టిఫా స్కాన్‌ను 18, 20 వారాల మధ్యనే చేయించుకోవాలి. చందంపేట తండాల నుంచో, నల్లమల పెంటల (చెంచుల గూడేల) నుంచో స్కానింగ్ ఉన్న పట్నానికి రావడానికే ఒక రోజు కూలి పోతుంది కాబట్టి, ప్రయాణాన్ని, తోడు వచ్చే మనిషిని నెల ముందే అనుకోవాలి. వలస వెళ్లేవారు కార్డును, రిపోర్టులను వెంట తీసుకెళ్లాలి. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం, అడగవద్దు.

సంతకం విషయంలో గట్టిగా నిలబడాలి. మా బంధువొకామె 11 వారాలప్పుడు గర్భస్రావానికి వెళితే, భర్త సంతకం కావాలని ఒక ఆస్పత్రి తిప్పి పంపింది. పుణెలో మేస్త్రీ పని చేసే ఆయన వచ్చేసరికి మూడు వారాలు గడిచాయి. 18 ఏళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలునని చట్టం చెబుతోంది. మైనర్లకు, మానసిక వ్యాధి ఉన్నవారికి మాత్రమే సంరక్షకుల సంతకం అవసరం. ఆమె వివరాలను డాక్టరు గోప్యంగా ఉంచాలి.

మెడికల్ షాపులో గర్భస్రావ మాత్రలు కొని సొంతంగా వాడవద్దు; గర్భం గర్భసంచి బయట నిలిచి ఉంటే ఆ మాత్రలు దాన్ని తొలగించవు, లోపల రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పటికే వేసుకుని ఉంటే, రక్తం ఆగకపోయినా, జ్వరమో తీవ్రమైన కడుపునొప్పో వచ్చినా 108కి ఫోన్ చేసి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నదీ డాక్టరుకు దాచకుండా చెప్పాలి.