పాత చర్చిలో పాటల సాయంత్రానికి వెళ్లే ముందు

డిసెంబరులో ఒంగోలులోని పాత బాప్టిస్టు చర్చికి క్రిస్మస్ పాటలు వినడానికి వెళ్తున్నారా? ఇవి చూసుకోండి.

– టైం ముందే కనుక్కోండి. పోస్టరు మీద ఆరు అని ఉన్నా, ప్రార్థన ఇంకా నడుస్తుండొచ్చు. ఆలస్యమైతే పాట మధ్యలో దూరకండి. తలుపు దగ్గర ఆగి, చప్పట్లు మొదలయ్యాక లోపలికి వెళ్లండి.

– గుమ్మం దగ్గర చెప్పుల వరస కనిపిస్తే మీవీ అక్కడే విడవండి. కొత్త జత మాత్రం ఇంట్లోనే ఉంచడం మంచిది!

– ఎత్తైన పాత హాల్లో గొంతు బాగా మోగుతుంది. స్పీకరు పక్కన కూర్చుంటే తబలా, కీబోర్డు మోతలో పాట మాటలు ఒక్కటీ అందవు. మధ్య వరసలు చూసుకోండి. ఆడవాళ్లు, మగవాళ్లు విడిగా కూర్చుంటుంటే మీరూ అలాగే కూర్చోండి.

– ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. ఫ్లాష్ వద్దు, వేదికెక్కి సెల్ఫీలు అసలే వద్దు.

– కాస్త చరిత్ర తెలుసుకుని వెళ్లండి. 1876–78 కరువులో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంఘంలో పెద్దవాళ్లను కదిపితే ఇంకా చెప్తారు, కాకపోతే పాటలు అయ్యాక అడగండి.

– కానుకల సంచికి చిల్లర ఉంచుకోండి.