బేస్ గిటార్‌కి 8 యూ ఎఫెక్ట్స్ ర్యాక్: పెట్టె దగ్గర్నుంచి మిక్సర్ దాకా

ర్యాక్‌కి, అంటే పరికరాలు ఒకదాని మీద ఒకటి బిగించే పెట్టెకి, కావాల్సినవన్నీ ఒక్క సాయంత్రంలో ఆర్డర్ పెట్టేయొచ్చు. అసలు పని ఆ తర్వాతే. అన్నీ కలిపాక గుయ్యిమనే మోత రాకూడదు, బేస్‌లో నిండుతనం పోకూడదు, స్టేజీ ఎక్కిన పది నిమిషాల్లో సౌండ్ సిద్ధమైపోవాలి. ఈ మూడూ ఎంత ఖరీదైన ఎఫెక్ట్స్ కొన్నామన్న దాని మీద ఆధారపడవు. లెవెల్స్, ఎర్తింగ్, వైరింగ్ సరిగ్గా ఉంటేనే కుదురుతాయి.

ఇక్కడ లెక్క ఇది: నాలుగు లేదా ఐదు తీగల బేస్, నాలుగు పెడల్స్ (సౌండ్‌ని మార్చే చిన్న ఎఫెక్ట్ పెట్టెలు), ఒక లూప్ స్విచ్చర్ (ఒక్కో పెడల్‌ని దారిలో చేర్చే, తప్పించే పెట్టె), ఒక ట్యూనర్, ఒక ప్రీయాంప్ (సన్నని సిగ్నల్‌ని పెంచేది), ఒక కంప్రెసర్ (గట్టి, మెల్లని దెబ్బల మధ్య తేడా తగ్గించేది). పవర్ యాంప్ (స్పీకర్లని నడిపేది) కావాలనే వదిలేశాం. ఈవెంట్లలో యాంపు, క్యాబినెట్ ఎలాగూ అద్దెకి వస్తాయి. పవర్ యాంప్ కూడా ఎక్కిస్తే పెట్టె మోయడానికి ఇద్దరు కావాలి.

పెట్టె

ర్యాక్ పరికరం ముందు పలక వెడల్పు ఎక్కడైనా 19 అంగుళాలే. ఎత్తుని యూలలో లెక్కపెడతారు. ఒక యూ అంటే 1.75 అంగుళాలు, అంటే 44.45 మి.మీ. మనకి కావాల్సింది 8 యూ, లోపలి ఎత్తు 14 అంగుళాలు. కారు డిక్కీలో పడుతుందో లేదో చూసేటప్పుడు బయటి కొలత తీసుకోండి, మూతలూ చక్రాలూ కలిపి.

లోతు విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. అన్నిటికంటే లోతైన పరికరం కొలిచి, దానికి వెనక 10 సెం.మీ. కలపండి. జాకు బయటికి పొడుచుకొస్తుంది, వైరు వంగడానికీ చోటు కావాలి. అది లేకపోతే వెనక మూత మూసిన ప్రతిసారీ జాకు మీద ఒత్తిడి పడి, కొన్నాళ్లకి సాకెట్ సోల్డర్ విరుగుతుంది.

రైలు (పరికరాలు బిగించే నిలువు పట్టీ) చదరపు కన్నాలతో, కేజ్ నట్లు (కన్నంలో గుచ్చే, మార్చుకోగల నట్లు) పెట్టుకునే రకమైతే మంచిది. ఎం6 మర అరిగిపోతే ఆ నట్టు ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. అమెరికాలో అమ్మే కేసుల్లో 10-32 మర కోసిన రైళ్లు ఎక్కువ. ఎం6 బోల్టు వాటిలో దూరదు, కాబట్టి మరలు కేసుతో పాటే కొనుక్కోండి. ప్రతి మర కింద నైలాన్ వాషర్ వేయండి, పలక మీద గీతలు పడవు.

పై నుంచి కిందికి వరస: ట్యూనర్ 1 యూ, లూప్ స్విచ్చర్ 1 యూ, పెడల్స్ షెల్ఫ్ 2 యూ, ప్రీయాంప్ 1 యూ, కంప్రెసర్ 1 యూ, గాలి ఆడే ఖాళీ పలక 1 యూ, అడుగున పవర్ డిస్ట్రిబ్యూటర్ 1 యూ. ఖాళీ పలక దండగ కాదు. సిగ్నల్ నడిచే భాగాన్ని మెయిన్స్‌కి దూరంగా ఉంచుతుంది. షెల్ఫ్ 1 యూ అయితే చాలదు. మామూలు బాస్ కంపెనీ పెడల్ ఎత్తే దాదాపు 6 సెం.మీ. ఉంటుంది. 2 యూ అంటే 8.9 సెం.మీ., నాబ్ తిప్పడానికి వేళ్లు కూడా పడతాయి. చదును జాకులు వాడితే పక్కపక్కన నాలుగు పెడల్స్ ఇరుగ్గానైనా సర్దుకుంటాయి.

సిగ్నల్ దారి

దీన్లో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: ప్రీయాంప్ ఒక సరిహద్దు. దానికి ముందున్నదంతా ఇన్‌స్ట్రుమెంట్ లెవెల్, దాని తర్వాత లైన్ లెవెల్. బేస్ నుంచి వచ్చేది సుమారు మైనస్ 20 డీబీయూ (సిగ్నల్ వోల్టేజీకి వాడే కొలత). స్టూడియో తరహా ర్యాక్ పరికరాలు నడిచేది ప్లస్ 4 డీబీయూ దగ్గర, అంటే 1.23 వోల్టులు. మధ్య తేడా 24 డెసిబెల్స్, వోల్టేజీలో చెప్పాలంటే దాదాపు 16 రెట్లు. 9 వోల్టుల పెడల్‌ని ప్రీయాంప్ తర్వాత పెడితే గట్టిగా మీటిన ప్రతిసారీ సౌండ్ చిట్లుతుంది. లైన్ లెవెల్ కంప్రెసర్‌ని ప్రీయాంప్‌కి ముందు పెడితే సిగ్నల్ థ్రెషోల్డ్ (కంప్రెసర్ పని మొదలుపెట్టే గీత) దాకా చేరదు. అప్పుడు గెయిన్ పెంచుతారు, దాంతోపాటు హిస్ పెరుగుతుంది.

ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) గొడవ కూడా ఉంది. పాసివ్ (బ్యాటరీ లేని) పికప్‌కి ఎదురుగా ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉండాలి. లైన్ ఇన్‌పుట్‌లు పదుల కిలో ఓమ్ల దగ్గరే ఉంటాయి. పాసివ్ బేస్‌ని నేరుగా వాటిలో గుచ్చితే పై ఫ్రీక్వెన్సీలు పోయి, తీగ మీద దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. యాక్టివ్ బేస్‌కి ఈ బాధ తక్కువ.

బేస్ → బఫర్ → లూప్ స్విచ్చర్ → ప్రీయాంప్ → కంప్రెసర్ → డీఐ (సిగ్నల్‌ని మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కి తగ్గట్టు మార్చే పెట్టె). బఫర్ (పొడవాటి వైరుని నడపడానికి సిగ్నల్‌కి బలమిచ్చే సర్క్యూట్) ఎందుకంటే, గిటార్ కేబుల్ మీటరుకి సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ మోస్తుంది, అది పై ఫ్రీక్వెన్సీలని తినేస్తుంది. మీ దగ్గర్నుంచి ర్యాక్‌కి 6 మీటర్లు, లోపల 45 సెం.మీ. ప్యాచ్ కేబుళ్లు ఎనిమిది. లూపులన్నీ ఆన్‌లో ఉంచి, పెడల్స్‌ని ట్రూ బైపాస్‌లో (సిగ్నల్ సర్క్యూట్‌ని తాకకుండా నేరుగా వెళ్లేలా) ఆఫ్ చేస్తే పికప్ దాదాపు పది మీటర్ల వైరుని లాగుతున్నట్టే. ట్యూనర్‌ని స్విచ్చర్‌లోని ట్యూనర్ అవుట్‌కి కలపండి. ఐదో తీగ బి 30.9 హెర్ట్జ్, కొన్ని ట్యూనర్లు దాన్ని పట్టుకోలేక తడబడతాయి. 12వ ఫ్రెట్ హార్మోనిక్ మీటితే సూది నిలబడుతుంది.

లూపుల్లో వరస: ఎన్వలప్ ఫిల్టర్ (మీటే బలాన్ని బట్టి స్వరం రంగు మార్చేది), ఆక్టేవర్ (ఒక ఆక్టేవ్ కింది స్వరం కలిపేది), ఓవర్‌డ్రైవ్ (సౌండ్‌ని గరుకు చేసేది), కోరస్ (ఒకేసారి ఇద్దరు వాయిస్తున్నట్టు వినిపించేది). మొదటి రెండూ మీ చేతి బలాన్ని, శుభ్రమైన స్వరాన్ని చదివి పనిచేస్తాయి కాబట్టి ముందు ఉండాలి. ఓవర్‌డ్రైవ్ తర్వాత పెట్టిన ఆక్టేవర్ ఏ స్వరమో తెలియక గరగరమంటుంది. స్విచ్చర్ కొనేముందు లూపులు లోపలే వరసగా కలిసి ఉన్నాయో, ఒక్కోదాన్నీ విడిగా మీరే కలుపుకోవాలో చూడండి. రెండో రకమైతే మరికొన్ని పొట్టి కేబుళ్లు కావాలి.

ఓవర్‌డ్రైవ్ వేస్తే బేస్ ఎందుకు పలచబడుతుంది

గిటార్ కోసం చేసిన పెడల్స్ చాలావాటిలో క్లిప్పింగ్‌కి (అల కొసలు కోసి గరుకు చేయడానికి) ముందే కింది ఫ్రీక్వెన్సీలు కోసేస్తారు. ఇ తీగ 41 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, అదంతా అక్కడే రాలిపోతుంది. దీనికి మందు, శుభ్రమైన సిగ్నల్‌ని పక్కనే నడిపి చివర్లో కలపడం. బ్లెండ్ నాబ్ ఉన్న బేస్ ఓవర్‌డ్రైవ్ కొనడం తేలికైన దారి. ఇదే ఆలోచనని గిటార్ దాకా తీసుకెళ్తే బేస్ వాద్యకారుడు బిల్లీ షీహన్ పేరుతో వచ్చిన యమహా ఆటిట్యూడ్ బేస్ అవుతుంది: మెడ దగ్గరి పికప్‌కి వేరే అవుట్‌పుట్ జాక్ ఉంటుంది, కింది శబ్దం ఒక దారిలో, మురికి శబ్దం ఇంకో దారిలో వెళ్తాయి.

విడిగా మిక్సర్ పెట్టి కలిపేవాళ్లు ఒక పరీక్ష చేయాలి. ఇ తీగ ఓపెన్‌గా మోగించి శుభ్రమైన ఫేడర్ మెల్లగా పైకి తీయండి. శబ్దం నిండాల్సింది పోయి సన్నబడితే రెండు దారులూ ఎదురెదురు ఫేజ్‌లో (ఒక అల పైకి వెళ్తే ఇంకోటి కిందికి) ఉన్నట్టు. ఒకదాని పోలారిటీ తిప్పేయండి. డిజిటల్ మల్టీ ఎఫెక్ట్‌ని పక్క దారిలో పెడితే పోలారిటీ స్విచ్ సరిపోదు. అది 2 మిల్లీసెకన్లు ఆలస్యం చేసినా కలిపాక 250 హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడుతుంది, తర్వాత 750లో, 1250లో. అలాంటి పెట్టెని మిగతావాటితో ఒకే వరసలో పెట్టి, బ్లెండ్ దాని లోపలే చేసుకోవడం మేలు.

కంప్రెసర్

రేషియో 4:1 (థ్రెషోల్డ్ దాటిన 4 డెసిబెల్స్‌ని 1కి కుదించడం) దగ్గర మొదలుపెట్టండి. గట్టిగా మీటినప్పుడు మీటర్ 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గింపు చూపేదాకా థ్రెషోల్డ్ దించండి. అటాక్ (నొక్కడం మొదలవడానికి పట్టే సమయం) నాబ్ ఉంటే 20 నుంచి 30 మిల్లీసెకన్లు, వేలి దెబ్బ వినపడాలి. రిలీజ్ (మళ్లీ వదలడానికి పట్టే సమయం) 100కి తగ్గకూడదు. ఇ తీగ ఒక్క చుట్టు తిరగడానికే 24 మిల్లీసెకన్లు పడుతుంది. రిలీజ్ మరీ వేగంగా ఉంటే కంప్రెసర్ స్వరాన్ని వదిలేసి అలని వెంబడిస్తుంది, అది బుర్రుమనే డిస్టార్షన్‌గా వినపడుతుంది. డీబీఎక్స్ 160ఎ లాంటి వాటిలో ఈ రెండు నాబ్‌లూ ఉండవు, వాటంతట అవే సర్దుకుంటాయి. స్టేజీ మీద అదీ ఒక సుఖమే.

మిక్సర్‌కి పంపడం

ప్రీయాంప్ వెనక ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్ కేబుల్ సాకెట్) డీఐ అవుట్ కనిపించగానే సౌండ్ టీమ్ కేబుల్ అక్కడ గుచ్చేస్తారు. అప్పుడు జనానికి వెళ్లేది కంప్రెసర్ తగలని సిగ్నల్. మీ పక్కనున్న క్యాబినెట్‌లో బాగుంటుంది, బయట కుదుపులుగా ఉంటుంది. తప్పు ఎవరిదో ఎవరికీ అర్థం కాదు. ఆ సాకెట్ మీద టేపు అంటించేయండి.

కంప్రెసర్ ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌ని నేరుగా ఇచ్చినా చిక్కే. అది లైన్ లెవెల్, మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌లో సౌండ్ పగిలిపోతుంది. పైగా అవతల 48 వోల్టుల ఫాంటమ్ (మైకులకి మిక్సర్ పంపే కరెంటు) వేసి ఉంటే అది వెనక్కొచ్చి అవుట్‌పుట్ స్టేజ్‌ని దెబ్బతీసే ప్రమాదం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ ఒకటి ర్యాక్ లోపలే బిగిస్తే లెవెల్ దిగుతుంది, ఫాంటమ్ ఆగుతుంది, గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలిసి మోత తెచ్చే చుట్టు) తెగుతుంది. మొత్తం ర్యాక్‌లో డబ్బుకి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే వస్తువు ఇదే. పవర్ యాంప్‌కి వెళ్లే లైన్ డీఐ త్రూ జాక్ నుంచి తీసుకోండి.

కరెంటు

అమెరికాలో ఉన్న చుట్టాల ద్వారా సెకండ్ హ్యాండ్‌లో తెప్పించుకున్న పరికరమైతే ముందు వెనక పలక చదవండి. వోల్టేజీ మార్చే స్విచ్ ఉంటే 230కి జరిపి, ఫ్యూజు కూడా పలక మీద రాసిన విలువకి మార్చండి. 120 మాత్రమే అని ఉంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. పవర్ కండిషనర్ మాత్రం అక్కడిది అసలు తేవద్దు. 230కి పెట్టగానే లోపలి సర్జ్ ప్రొటెక్టర్ పొగలు కక్కుతుంది.

పెళ్లి పందిట్లో, వినాయక చవితి మండపంలో జనరేటర్ లైను మీద ఆడేవాళ్లు మల్టీమీటర్ లేకుండా ప్లగ్ పెట్టకూడదు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 దరిదాపుల్లో ఉండాలి, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా అంతే. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే అనుమానించండి. ఎర్త్ కన్నంలో ఏమీ లేకపోతే తీగ మీద చెయ్యి, మైకుకి పెదవి తగిలినప్పుడు జిల్లుమంటుంది, ఒక్కోసారి అంతటితో ఆగదు. 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు సొంతంగా తెచ్చుకోండి. మోత పోవడానికి ప్లగ్ ఎర్త్ పిన్ను విరగ్గొట్టే అలవాటు కొందరికి ఉంది. ప్రాణం మీదికి తెచ్చుకోవడం తప్ప అది వైద్యం కాదు. మోత డీఐ దగ్గర తెగాలి, ప్లగ్ దగ్గర కాదు.

పెడల్స్‌కి ఒక్కో అవుట్‌పుట్ విడిగా ఉన్న 9 వోల్టుల సప్లై వాడండి, మధ్య పిన్ను నెగటివ్. ఒకే అడాప్టర్‌ని నాలుగింటికి పంచితే డిజిటల్ పెడల్ కీచుమనే శబ్దం ఓవర్‌డ్రైవ్‌లో దూరి పెద్దదవుతుంది. కరెంటు వైర్లు పెట్టెకి ఒక పక్క, ఆడియో ఇంకో పక్క. దాటక తప్పకపోతే అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి.

మిడి

మిడి అంటే పరికరాలు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే పద్ధతి. ఫుట్ కంట్రోలర్ (కాలితో నొక్కే స్విచ్ బోర్డు) నుంచి స్విచ్చర్‌కి ఐదు పిన్నుల కేబుల్ ఒకటి, 15 మీటర్లు దాటకూడదు. ప్రోగ్రామ్ 5 నొక్కితే 6 వస్తోందంటే ఏదీ పాడవలేదు. ఒక పెట్టె 0 నుంచి 127 లెక్కపెడుతుంది, ఇంకోటి 1 నుంచి 128.

మోత వెతకడం

అన్నీ ఒకేసారి కలపకండి. ముందు బేస్, ప్రీయాంప్, డీఐ మాత్రమే. నిశ్శబ్దంగా ఉంటే కంప్రెసర్, తర్వాత ఖాళీ స్విచ్చర్, తర్వాత ఒక్కో పెడల్. మోత వచ్చినప్పుడు చివరగా కలిపిందే దొంగ. నున్నగా, లోతుగా వస్తే అది 50 హెర్ట్జ్ గ్రౌండ్ లూప్. మన దగ్గర ఇది ఇ తీగ మూడో ఫ్రెట్‌లోని జి స్వరానికి, అంటే 49 హెర్ట్జ్‌కి, ఆనుకుని ఉంటుంది. అందుకే ఆ స్వరం పట్టినప్పుడు ఊగిసలాట వినపడుతుంది. అమెరికాలో మోత 60 హెర్ట్జ్, అక్కడ బి దగ్గర ఇబ్బంది పెడుతుంది. గరుకుగా జుర్రుమంటే లైట్ల డిమ్మర్ గానీ, పికప్ దగ్గర్లో ఉన్న అడాప్టర్ గానీ. ర్యాక్ ముట్టుకోకుండా బేస్ పట్టుకుని పక్కకి తిరిగి చూడండి, తగ్గితే పికప్ పట్టుకుంటున్నదే.

అంతా కుదిరాక ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లా ఒకే నంబరు అంటించండి, వెల్క్రోతో కట్టండి. ప్లాస్టిక్ టైలు వేస్తే చీకట్లో కత్తెర కోసం వెతకాలి. వెనక మూత లోపలివైపు నంబర్ల పటం, ప్రతి పరికరానికీ సరిపోయే రెండేసి ఫ్యూజులు, నాలుగు కేజ్ నట్లు, ఒక అదనపు ప్యాచ్ కేబుల్ జిప్ సంచీలో వేసి టేపుతో అంటించి ఉంచండి.