ఒకటో తరగతిలో ఏ పిల్లా విడిగా మిగలకుండా

నీతికథ చెప్పి, చివర్లో "అందరితో మంచిగా ఉండాలి" అని క్లాసంతా ఒక్క గొంతుతో అనిపించడం సులువు. గంట కొట్టగానే అదే పిల్లలు "నువ్వు మా జట్టు కాదు, పో" అంటారు. కథలు మానేయమని కాదు. హాజరు ఎలా తీసుకుంటాం, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడతాం, అన్నం ఎలా తినిపిస్తాం అనే వాటిని ముందు సరిచేసుకోవాలి. నేను తెలంగాణలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకు చెప్తాను. ఊరి పిల్లలు, తండా పిల్లలు కలిసి చదువుతారు. చలికాలం మొదలయ్యాక ఇటుక బట్టీల పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు కూడా చేరతారు. మా క్లాసులో పనిచేసినవే ఇక్కడ రాస్తున్నాను.

పేరుతో మొదలుపెట్టండి. బడిలో చేరిన కొద్ది రోజులకే కొందరికి మారుపేర్లు పడిపోతాయి: పొట్టోడు, నత్తోడు, బట్టీ పిల్ల. నోటికి అలవాటై టీచర్లూ అలాగే పిలిస్తే ఇక ఆ పేరు పోదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. అందరి ముందూ అలా పిలవడం కూడా వేధింపే అని నేననుకుంటాను. చేర్చడానికి వచ్చిన తల్లినో తండ్రినో అడగండి, ఇంట్లో ఏమని పిలుస్తారు, ఎలా పలుకుతారు అని. క్లాసుకు పేర్లు అలవాటు చేయడానికి 'వీరీ వీరీ గుమ్మడిపండు' చాలా మంచి ఆట. ఒకరి కళ్లు మూస్తారు, ఇంకొకరు వచ్చి తాకి వెళ్తారు, తాకిందెవరో పేరు చెప్పాలి. వదిలేస్తే పిల్లలు తమ దోస్తులనే పంపుకుంటారు. మీరు దగ్గర నిలబడి కొత్తవాళ్లకు సైగ చేయండి. పేరు చెప్పలేకపోతే ఇద్దరినీ చేతులు పట్టుకుని పేర్లు చెప్పుకోమని, మళ్లీ ఆడించండి. రోజూ ఆడిస్తుంటే గాజుల చప్పుడును బట్టి కూడా పేరు చెప్పేస్తారు.

హాజరు పిలిచేటప్పుడు రానివాళ్ల పేరు దగ్గర ఆగి, "ఎందుకు రాలేదో ఎవరికైనా తెలుసా?" అని అడగండి. "జ్వరం టీచర్", "వాళ్ల అమ్మమ్మ ఊరికి పోయిండు టీచర్" అని ఎవరో ఒకరు అంటారు. ఎవరూ ఏమీ చెప్పలేకపోయిన పిల్ల ఉంటుంది చూడండి, ఆమెకు క్లాసులో ఇంకా తోడు దొరకలేదన్నమాట. ఆ వారం మీ శ్రద్ధ ఆమె మీద పెట్టండి. తిరిగొచ్చిన రోజు "ఇన్ని రోజులు ఎటు పోయినవ్?" అని నిలబెట్టకుండా, అప్పటిదాకా చెప్పిన పేజీలు చూపించే పని పక్క పిల్లకు ఇవ్వండి.

తెలుగు రాని పిల్ల వస్తే ఆమె భాషలో నాలుగైదు మాటలు మీరే ముందు నేర్చుకోండి: నీళ్లు, ఆకలి, నొప్పి, ఒంటికి, అమ్మ. అవి క్లాసంతా నేర్చుకోవాలి. తండా పిల్లల లంబాడీ మీకు రాకపోతే రెండో తరగతి పిల్లనే అడగండి, సంతోషంగా నేర్పుతుంది. అడగడం తెలియక బట్టలు తడుపుకునే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. మా క్లాసులో ఒడిశా పాపకు అలా అయినప్పుడు వెనక వరస నుంచి "ఛీ" అని వినిపించింది. వెంటనే అందరినీ నీళ్లు తాగి రమ్మని పంపాను. బీరువాలో ఎప్పుడూ రెండు జతల బట్టలు ఉంచుతాను. ఒక గౌను మార్చి, నేల నేనే తుడిచాను. ఆ పని ఇంకో పిల్లకు చెప్పకూడదు. అందరూ వచ్చాక "ఇక నుంచి ఎవరికి వచ్చినా చిటికెన వేలు చూపించి వెళ్లిపోండి, అడగక్కర్లేదు" అన్నాను. మర్నాటి నుంచి ఆ పాప వేలు ఎత్తితే నాకంటే ముందు పక్క పిల్లే చూసి తలుపు దాకా తోడు వెళ్లేది.

"మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయి" అని క్లాస్ లీడర్‌కు చాక్‌పీస్ ఇచ్చే అలవాటు ఉంటే మానేయండి. అక్కడే పగలు పుడతాయి. లీడర్‌ను వారం వారం మార్చి, ఇంటర్వెల్‌లో ఎవరైనా ఒంటరిగా కూర్చున్నారేమో చూసి ఆటలోకి పిలిచే పని ఇవ్వండి. సీట్లు కూడా ప్రతి సోమవారం మారాలి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త మధ్యాహ్న భోజనం దగ్గర కావాలి. ఊళ్లో ఎవరి ఇల్లు ఏ వైపు ఉందో, ఎవరింట్లో నీళ్లు తాగకూడదో పిల్లలకు ఆరేళ్లకే తెలిసిపోతుంది. వాళ్ల మానాన వదిలేస్తే వరండాలో కూడా ఊళ్లో ఉన్నట్టే విడివిడిగా కూర్చుంటారు. అందుకని గుండ్రంగా కూర్చోబెట్టండి. చేతులు కడుక్కుని వచ్చిన వరసలోనే కూర్చోవాలి, దోస్తు కోసం చోటు ఆపడం ఉండదు. ఇంటి నుంచి బాక్సు తెచ్చుకున్నవాళ్లూ అందులోనే. మీరూ కంచం పట్టుకుని రోజుకో చోట కూర్చుని అదే అన్నం, అదే పప్పు తినండి. గుడ్డు పెట్టే రోజు పెద్దది, చిన్నది అని గొడవ వస్తుంది. గుడ్లు పంచే పని పిల్లలకే ఇచ్చి, పంచినవాళ్లు చివర తీసుకోవాలని చెప్తే ఆ గొడవ తగ్గుతుంది.

వంటమనుషులను పెట్టుకునేటప్పుడు దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ ఆదేశం పిల్లల నోటి మాటల్లోనూ కనిపించాలి. "ఏయ్ వంటామె" అనకూడదు. అక్కా, పెద్దమ్మా, అవ్వా అని వరస పెట్టి పిలవాలి. ముందు మీరు పిలవండి, వాళ్లకు అదే వస్తుంది.

సారీ చెప్పించడం మీద నాకు నమ్మకం లేదు. ఒకడు నేల చూస్తూ సారీ అంటాడు, రెండోవాడు పర్లేదంటాడు, ఇంటర్వెల్‌లో మళ్లీ మొదలు. దెబ్బ తగిలినవాళ్లను ముందు చూసుకుని, ఆ తర్వాత పాడైనదాన్ని బాగుచేయించండి. రెండో తరగతి పిల్లాడొకడు పక్క పిల్ల నోటుబుక్కులో పేజీ చింపేశాడు. అన్నం తిన్నాక నాలుగు మెతుకులు మిగిల్చి తెమ్మన్నాను. ఇద్దరూ కింద కూర్చున్నారు. ఆ పిల్ల చిరుగు అంచులు కలిపి పట్టుకుంది, వాడు మెతుకులు నలిపి వెనకవైపు కాగితం ముక్క అంటించాడు. ఎక్కువ తడిసి రెండు లైన్లు అలుక్కుపోయాయి. అవి వాడే మళ్లీ రాశాడు. 'ళ' సరిగా రాలేదని ఆ పిల్ల దిద్దించింది కూడా. సారీ అనే మాట రాలేదు, నేనూ అడగలేదు.

పుట్టినరోజు చాక్లెట్లు, రంగు డ్రెస్సులు కొనలేని ఇళ్లు చాలా ఉంటాయి. నెలకొకసారి ఆ నెల పిల్లలందరికీ కలిపి పాట పాడించండి, చాలు. నడవలేని, వినపడని పిల్లలుంటే మండలంలో అలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్‌ను సలహా అడగండి. ఆటల పీరియడ్‌లో మాత్రం ఆ పిల్లను స్కోరు రాయడానికి పక్కన కూర్చోబెట్టొద్దు. ఆటనే కొంచెం మార్చండి.

ఎప్పుడో ఒకప్పుడు ఒక తల్లి గేటు దగ్గర ఆపి, "మా పాపను వాళ్ల పక్కన కూర్చోబెట్టకండి టీచర్" అంటుంది. పాప వింటుండగా వాదన పెట్టుకోవద్దు, పాపను లోపలికి పంపించండి. "మన దగ్గర వారం వారం అందరూ మారతారమ్మా. ఒక్కరికి మారిస్తే అందరికీ మార్చాల్సి వస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం రండి, పిల్లలతో కలిసి అన్నం తిని వెళ్దురు" అని నెమ్మదిగా చెప్పండి. కొందరు వస్తారు, కొందరు రారు. సీటు మాత్రం మార్చొద్దు.