1862 విక్టోరియా రూపాయి మీద చుక్కలు ఎలా లెక్కపెట్టాలి?

విక్టోరియా రాణి బొమ్మతో 1862 వెండి రూపాయిలు మన పాత పెట్టెల్లో ఇంకా దొరుకుతూనే ఉంటాయి. 1874లో తేదీ మారేదాకా ఏళ్ల తరబడి అదే 1862 వేసి ముద్రించారు. ఏ ఏడాది ముద్రించిందో గుర్తుండటానికి బొంబాయి టంకశాల వెనకవైపు చిన్న చుక్కలు పెట్టిందని సేకర్తల అభిప్రాయం. చుక్కల లెక్క మారితే వెరైటీ మారుతుంది, ధరా మారుతుంది. అందుకే అమ్మేవాళ్లకి లేని చుక్కలు కనిపిస్తుంటాయి.

పదింతలు పెద్దగా చూపే లూప్, టేబుల్ లైటు, కాగితం, పెన్సిల్ చాలు. ముందు తూకం వేయండి. బరువు 11.66 గ్రాములకు దగ్గరగా ఉండాలి, అరుగుదలకి కాస్త తగ్గొచ్చు. తేడా మరీ ఎక్కువైతే చుక్కల దాకా వెళ్లక్కర్లేదు. విబూదితోనో చింతపండుతోనో తోమకండి. ఆ తోముడుకి ముందు పోయేది చుక్కలే.

రాణి దుస్తుల ముందున్న గళ్లనీ, వెనకవైపు పైనున్న పువ్వునీ కేటలాగు బొమ్మలతో పోల్చి రకం రాసుకోండి. ఇది ఐదు నిమిషాల పని.

ఇక చుక్కలు. ఇక్కడ తొందర అస్సలు పనికిరాదు. లైటు నాణేనికి ఒక పక్కనుంచి, కిందికి వాలుగా పడాలి. తేదీ కింద, పైన పువ్వు దగ్గర చూడండి. డైలో, అంటే నాణెం ముద్రించే అచ్చులో, కావాలని చేసిన చుక్క గుండ్రంగా, నాణెం మీది చదును భాగంలో ఉబ్బెత్తుగా ఉంటుంది. నాణేన్ని మెల్లగా తిప్పుతుంటే దాని నీడ కూడా చుట్టూ తిరుగుతుంది. గుంట అయితే నీడ లైటు ఉన్న వైపే పడుతుంది, అది తుప్పో దెబ్బో. ఉబ్బెత్తుగా ఉండి అంచులు వంకరటింకరగా ఉంటే డై పెచ్చు ఊడిన చోటు కావచ్చు. పక్కనున్న చుక్కల వరుసలో, వాటి సైజులోనే ఉందా అని కూడా చూసుకోవాలి.

కనిపించని చుక్కతోనే అసలు చిక్కు. డైలో జిడ్డు నిండినా, డై అరిగినా చుక్క సరిగా పడదు. చేతులు మారి అరిగిన నాణెంలో అయితే మొత్తంగా చెరిగిపోతుంది. కాబట్టి అరిగిన రూపాయి చూసి "చుక్క లేని రకం" అని తేల్చేయకూడదు. ఇద్దరు నిజాయితీపరులు ఒకే నాణెం చూసి ఒకరు మూడు, ఒకరు నాలుగు అనడం మామూలే. అందుకే కాగితం మీద రెండు గడులు గీయాలి: ఖాయం, అనుమానం. అనుమానపు చుక్కని ఖాయం గడిలోకి మార్చాలంటే అదే చోట అదే ఆకారంలో ఇంకో నాణెం మీద కూడా కనిపించాలి. రెండోది దొరికేదాకా కొత్త వెరైటీ అనకండి.

ఫోన్ ఫొటోలు నేను ఒప్పుకోను. కెమెరా తనంతట తానే పదును పెంచి మరకని కూడా చుక్కలా చూపిస్తుంది. మైక్రోస్కోపూ వద్దు, అంత దగ్గరగా చూస్తే ప్రతి గీతా వెరైటీలాగే ఉంటుంది. లూప్‌కి అందని తేడాకి పేరు పెట్టక్కర్లేదు.

మర్నాడు మొదటి కాగితం చూడకుండా మళ్లీ లెక్కపెట్టండి. రెండు లెక్కలూ కలవకపోతే తక్కువ లెక్కనే కవరు మీద రాయండి, పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. అమ్మేటప్పుడు ఆ ప్రశ్నార్థకాన్ని చెరపకండి.