క్రౌన్ గ్రాఫిక్ చేతికొచ్చింది, ఫిల్ము పెట్టె ఇంకా తెరవొద్దు

ఏళ్లుగా కోరుకున్న క్రౌన్ గ్రాఫిక్, అంటే నాలుగు బై అయిదు అంగుళాల విడి షీట్ల మీద ఫొటో తీసే పాత ఫోర్ బై ఫైవ్ కెమెరా, ఇంటికొచ్చిన రోజు చేతులు ఊరుకోవు. ఆ ఆత్రమంతా గ్రౌండ్ గ్లాస్ (వెనక ఫోకస్ చూసుకునే గరుకు గాజు) మీద తలకిందులుగా కదిలే వీధిని చూస్తూ తీర్చుకోండి. షీటు ఫిల్ము ఖరీదు తెలిసిందేగా.

ముందు బెలోస్, అంటే లెన్సుకూ కెమెరా వెనక భాగానికీ మధ్య సాగే మడతల గొట్టం. చీకటి గదిలో దాన్ని పూర్తిగా సాగదీసి, లోపల చిన్న టార్చి పెట్టి, బయటి నుంచి అన్ని వైపులా చూడండి. వెలుగు చుక్కలు ఎక్కువగా మడతల మూలల్లో కనిపిస్తాయి, మూసిన ప్రతిసారీ నలిగేది అక్కడే మరి. ఒకటి రెండైతే నల్ల ఫాబ్రిక్ పెయింట్ పల్చగా పూసి, బాగా ఆరాక మడవండి. మూలమూలనా చుక్కలుంటే మాత్రం కొత్త బెలోస్ వేయించాల్సిందే.

షట్టర్‌ను ఫోన్లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌తో తీయండి. 1/15 సెకను స్పీడుకు సుమారు 16 ఫ్రేములు తెరిచి ఉండాలి. 30 ఉంటే స్పీడు సగానికి పడిపోయినట్టే, సాధారణంగా లోపలి పాత నూనె గట్టిపడి ఉంటుంది. కొత్త నూనె చుక్క వేశారో, అది బ్లేడ్ల మీదికి పాకుతుంది. విప్పి శుభ్రం చేయించడమే దారి.

గ్రౌండ్ గ్లాస్ గరుకు వైపు లెన్సుకు ఎదురుగా ఉండాలి. ఈ కెమెరాల్లో ఎక్టలైట్ ఫ్రెనెల్ (బొమ్మను ప్రకాశవంతంగా చూపే పల్చటి గీతల లెన్సు) ఉంటే అది గాజుకు ముందు, లెన్సు వైపే ఉంటుంది. పొరపాటు బిగింపనుకుని తీసేస్తే ఫోకస్ తప్పుతుంది.

హోల్డర్ (షీట్లు పెట్టి కెమెరాలో దూర్చే చట్రం) నింపడం పాడైన షీటుతో వెలుగులో, తర్వాత కళ్లు మూసుకుని సాధన చేయండి. షీటును నిలువుగా పట్టుకున్నప్పుడు అంచున ఉండే గాట్లు కుడి పైమూలన ఉంటే ఎమల్షన్ (వెలుగు పడాల్సిన పూత) మీ వైపున్నట్టు. రెండు అంచులూ పట్టాల కిందికి దూరాలి. డార్క్ స్లైడ్ (షీటుకు వెలుగు తగలకుండా కప్పే పలక) తెల్ల వైపు బయటికుంటే వాడని ఫిల్ము, నల్ల వైపుంటే ఫొటో తీసేసింది.

ఫోకస్ అయ్యాక షట్టర్ మూయడం అందరూ ఒక్కసారైనా మరిచేదే. మూసి, అపర్చర్ పెట్టి, కాక్ చేశాకే (షట్టర్ స్ప్రింగు బిగించాకే) హోల్డర్ దూర్చి స్లైడ్ లాగండి. దగ్గరి వస్తువు కోసం 135 మి.మీ. లెన్సుతో బెలోస్‌ను 270 మి.మీ. దాకా సాగదీస్తే నాలుగింతల వెలుగు కావాలి, అంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాపు వెలుగును రెట్టింపు చేస్తుంది).

మొదటి షాట్లకు ఫిల్ము బదులు ఫొటో పేపరు వాడండి. ఎర్ర లైటు కింద 100 బై 125 మి.మీ.కి కత్తిరించి, దాని ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే వేగం) 6గా లెక్కేయండి. సరిగ్గా నాలుగు బై అయిదు అంగుళాలకు కోస్తే హోల్డర్లో ఇరుక్కుంటుంది.