పిన్‌పాయింటర్ ఊరికే మోగుతుంటే

మెటల్ డిటెక్టర్ చూపిన చోట తవ్వాక, గుంతలో లోహపు వస్తువు సరిగ్గా ఎక్కడుందో మోగి చెప్పే చిన్న చేతి పరికరం పిన్‌పాయింటర్. తడి ఇసుకకు దాని మొన తగిలిస్తే చాలు మోగుతోందా? చాలాసార్లు లోపం పరికరంలో ఉండదు. ఉప్పునీరు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. భీమిలి వైపు నల్ల ఇసుకలోనైతే ఇల్మనైట్ వంటి ఖనిజాలు కూడా తోడవుతాయి.

ముందు సెన్సిటివిటీ (లోహాన్ని పసిగట్టే చురుకుదనం) ఒక మెట్టు దించండి. తర్వాత మొనను గుంత అంచున, వస్తువుకు దూరంగా ఇసుకకు ఆనించి రీట్యూన్ చేయండి, అంటే ఆ నేలను పట్టించుకోకుండా సరిచేయండి. గారెట్ ప్రో-పాయింటర్ ఏటీ అనే మోడల్‌లో బటన్ టక్కున నొక్కి వదిలితే సరి. వస్తువు పక్కనే నొక్కితే మాత్రం దాన్నే నేల అనుకుని వదిలేస్తుంది! అప్పుడు మొన పైకెత్తి, మళ్లీ రీట్యూన్ చేయాలి.

పొడి నేలలోనూ మోత ఆగలేదంటే, మెటల్ డిటెక్టర్ కాయిల్‌ను (కింద ఉండే గుండ్రటి పళ్లెం) రెండడుగులు పక్కకు జరపండి. రెండింటి ఫ్రీక్వెన్సీలు దగ్గరగా ఉంటే ఒకదాన్నొకటి చెడగొడతాయి. ఫ్రీక్వెన్సీ జరుపుకునే వీలున్న మోడల్ కొంటే ఈ తంటా ఉండదు.

ఎక్కువగా సముద్రపు ఒడ్డున వెతికేవారికి పల్స్ ఇండక్షన్ రకమే (చిన్న చిన్న విద్యుత్ పల్సులతో లోహాన్ని వెతికేది) మేలు, ఉప్పుకు అంతగా బెదరదు. ఇనుమునూ వెండినీ వేరు చేయదు, కానీ గుంతలో ఆ పని దానిది కాదు, డిటెక్టర్‌ది. కొట్టులో పరీక్షించడానికి రూపాయి బిళ్ల వాడొద్దు. అది అయస్కాంతానికి అంటుకునే స్టీలు, ఎక్కువ దూరం చూపించి మోసం చేస్తుంది. రాగి ఉంగరం పట్టుకెళ్లండి, ఐదు సెంటీమీటర్ల దూరంలో పట్టేస్తే చాలు.

ఏదైనా పాతది దొరికితే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినా కలెక్టర్‌కు తెలపాలి.